చక్రాల బూట్లు, చెక్క నేల: రోలర్ స్కేటింగ్ రింకుల కథ

కాలికి బలపం కట్టుకుని తిరిగేవాళ్ళు మన ఊళ్ళలో వీధికొకరు వుంటారు. కాలికి చక్రాలు కట్టుకుని తిరిగేవాళ్ళని మాత్రం మనలో చాలామంది ఈ దేశం వచ్చాకనే దగ్గరగా చూశాం. ఇక్కడ పిల్లలున్న ప్రతి ఇంటికీ ఏడాదికి రెండు మూడుసార్లయినా ఆహ్వానం వస్తుంది: ఫలానా శనివారం మధ్యాహ్నం ఫలానా స్కేటింగ్ రింకులో పుట్టినరోజు పార్టీ, తప్పక రావలసింది అని. పిల్లలు వెలుగు దీపాల కింద గిరగిరా తిరుగుతుంటే, పెద్దలం పక్కన బల్లల మీద కూర్చుని, చల్లారిన పిజ్జా తింటూ, ఇండియాలో పెళ్ళిళ్ళ గురించీ ఇక్కడి ఇళ్ళ ధరల గురించీ మాట్లాడుకుంటాం. ఆ హాలు ఎక్కణ్ణించి వచ్చింది, ఎవరికోసం కట్టారు, ఎవరిని రానిచ్చారు, ఎవరిని గుమ్మం దగ్గరే ఆపేశారు అన్న ఆలోచన మనకి రాదు. కాని ఆ చెక్క నేల మీద ఈ దేశపు చరిత్ర చాలానే తిరిగింది. అందులో మనకి సంబంధించిన భాగం కూడా వుంది. దాన్ని పాఠకుల ముందు పెట్టాలన్నదే ఈ వ్యాసం వుద్దేశం.

ముందు వస్తువు సంగతి చూద్దాం. చక్రాల బూట్ల చరిత్ర చెప్పే పుస్తకాలన్నీ జాన్ జోసెఫ్ మెర్లిన్ దగ్గర మొదలవుతాయి. ఈయన 1735లో ఇప్పటి బెల్జియంలోని హూయీ అనే వూళ్ళో పుట్టి, 1760లో లండన్ చేరాడు. గడియారాలు, వాద్యాలు, రకరకాల యంత్రాలు తయారు చెయ్యడంలో అందెవేసిన చెయ్యి. సోహోలో ఒక పెద్దింటి వినోదసభకి ఆయన చక్రాల బూట్లు తొడుక్కుని, వయొలిన్ వాయిస్తూ ప్రవేశించాడట. ప్రవేశించడం బాగానే వుంది. ఆగడం ఎలాగో ఆ బూట్లకి తెలియదు, ఆయనకీ తెలియదు. వెళ్ళి వెళ్ళి ఎదురుగా వున్న నిలువుటద్దాన్ని ఢీకొట్టాడు. అద్దం ముక్కలయింది, వయొలిన్ విరిగింది, ఆయనకి బలమైన గాయాలే తగిలాయి. ఆ అద్దం ఖరీదు 500 పౌండ్ల పైమాటేనట. ఈ కథ అచ్చయింది ఆయన చనిపోయిన తరువాతే. కాస్త వుప్పూ కారం కలిసినా, ఆ బూట్లలోని అసలు లోపం ఏమిటో ఈ ఒక్క కథ తేటగా చెబుతుంది: ముందుకి పోవడమే గాని పక్కకి తిరగడం లేదు.

తరువాత వందేళ్ళపాటు ఈ లోపంతోనే అందరూ కుస్తీ పట్టారు. 1819లో ఫ్రాన్సులో పెతిబ్లెడ్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. ఒకే వరసలో మూడు చక్రాలు. 1823లో లండన్లో రాబర్ట్ జాన్ టయర్స్ ఐదు చక్రాలు పెట్టి దానికి 'రోలిటో' అని పేరుపెట్టాడు. 1849లో పారిస్‌లో మేయర్బేర్ రాసిన 'ల ప్రొఫెత్' అనే సంగీత నాటకంలో గడ్డకట్టిన సరస్సు దృశ్యం ఒకటి వచ్చింది. నాటకశాలలో మంచు ఎక్కణ్ణించి తెస్తారు? నర్తకుల కాళ్ళకి చక్రాలు కట్టి, మంచు మీద జారుతున్నట్లు ఆడించారు. జనం వెర్రెత్తిపోయి చూశారు. అయినా అదంతా చూసే వినోదమే. మామూలు మనిషి డబ్బిచ్చి తానే ఆడుకునే వినోదం కావాలంటే బూటు మారాలి.

ఆ మార్పు తెచ్చినవాడు జేమ్స్ లెనార్డ్ ప్లింప్టన్. 1828లో మసాచుసెట్స్‌లో పుట్టిన ఈయన న్యూయార్క్‌లో ఫర్నిచర్ వ్యాపారి. వైద్యవృత్తిలో వున్న మాకు ఈయన కథలో నచ్చిన భాగం ఒకటుంది. ఈయన ఒంట్లో బాగాలేకపోతే డాక్టరు మంచు మీద స్కేటింగ్ చెయ్యమని సలహా ఇచ్చాడని చెబుతారు. చలికాలం పోయాక ఆ వైద్యం ఎలా సాగాలి? దానికోసం ఈయన 1863లో కొత్తరకం స్కేటు చేసి పేటెంటు తీసుకున్నాడు. వరసగా వున్న చక్రాలని విడదీసి, ముందు రెండు, వెనక రెండు, మన ఎద్దుబండికి ఇరుసుకి రెండు చక్రాలున్నట్లు అమర్చాడు. ఆ ఇరుసులకీ పాదం కింది పలకకీ మధ్య రబ్బరు దిండు పెట్టాడు. మనిషి ఒకవైపు ఒరిగితే ఆ రబ్బరు నొక్కుకుని ఇరుసులు రెండూ కాస్త మొగ్గుతాయి. బూటు ఒరిగినవైపు వంపు తిరుగుతుంది. పాదం ఎత్తనక్కరలేదు, అద్దాలు పగలగొట్టనక్కరలేదు. ఇప్పుడు మన పిల్లలు రింకులో అద్దెకి తీసుకునే నాలుగు చక్రాల బూటు మూలసూత్రం అదే.

ప్లింప్టన్ బూటుని కనిపెట్టడంతో ఆగలేదు. బూటు ఆడడానికి చోటుని కూడా కనిపెట్టాడు. తన ఫర్నిచర్ దుకాణం వున్న భవనంలోనే నేల చదును చేయించి, ఒక స్కేటింగ్ సంఘం పెట్టాడు. 1866లో రోడ్ ఐలండ్‌లోని న్యూపోర్ట్‌లో, అంటే ఆ రోజుల్లో శ్రీమంతులు వేసవి గడిపే వూళ్ళో, అట్లాంటిక్ హౌస్ అనే హోటలులో రింకు తెరిపించాడు. స్కేట్లు ఎవరికీ అమ్మేవాడు కాదు. రింకులకి అద్దెకి మాత్రమే ఇచ్చేవాడు. బూటు ఎవరి కాలికి తొడగాలో నిర్ణయించే అధికారం తన చేతిలో వుంచుకోవాలని ఆయన కోరిక. ఈ ఆట చదువుకున్న, మర్యాదస్తులైన స్త్రీపురుషుల కోసమని ఆయన వుద్దేశం. రింకు పుట్టుకలోనే 'ఎవరికి ప్రవేశం' అన్న ప్రశ్న వుందని పాఠకులు ఇక్కడే గమనించాలి. కథ చివరిదాకా అది మన వెంట వస్తుంది.

అయితే ఆ మర్యాదలోనే ఒక విప్లవం దాగి వుంది. 1860, 70లలో పెళ్ళికాని ఆడపిల్ల పరాయి మగవాడి చెయ్యి పట్టుకుని అందరిముందూ నడిచే అవకాశం ఎన్ని చోట్ల వుండేది? డాన్సు హాళ్ళలో పెద్దల కాపలా. చర్చిలో చూపులే గాని స్పర్శ లేదు. రింకులో మాత్రం, పడిపోకుండా పట్టుకోవడం అనే తిరుగులేని సాకు వుంది. పైగా అది వ్యాయామం, ఆరోగ్యం. ఆడవాళ్ళు ఒళ్ళు అలిసేలా ఆడుకోవడం చాలా ఆటల్లో నిషిద్ధమైన రోజుల్లో, రింకు వాళ్ళకి తెరిచిన తలుపు అయింది. మన బామ్మలకి నోములూ పేరంటాలూ బయటికి వెళ్ళే సాకు ఎలా అయ్యాయో, అమెరికన్ బామ్మలకి కొందరికి రింకు అలా అయిందన్నమాట.

1870లలో ఈ జబ్బు ఇంగ్లండుకి పాకింది. 1875 ప్రాంతంలో అక్కడి పత్రికలు దానికి 'రింకోమేనియా' అని పేరుపెట్టాయి. రింకు అనే మాట స్కాట్లండుది. మంచు మీద రాళ్ళు దొర్లించే కర్లింగ్ ఆటకి గీసుకునే బరి అని దాని అర్థం. మంచు లేని వూళ్ళలో, నేల మీద, అదే మాట స్థిరపడిపోయింది. పేటెంటు కాపాడుకోవడానికి ప్లింప్టన్ ఇంగ్లండులో దావాలు వేశాడు. 1876లో లండన్ కోర్టులో ఆయన నెగ్గాడు కూడా. కాని పేటెంటుకి గడువుంటుంది, జనం మోజుకి ఏ కోర్టూ గడువు పెట్టలేదు.

1880 ప్రాంతంలో గడువు తీరగానే అమెరికాలో వరద వచ్చింది. ఇండియానాలోని రిచ్‌మండ్ అనే చిన్న వూళ్ళో మైకాజా హెన్లీ అనే ఆయన పెద్ద ఎత్తున స్కేట్లు తయారు చెయ్యడం మొదలుపెట్టాడు. స్కేట్లు చవకయ్యాయి. 1884లో లెవాంట్ రిచర్డ్‌సన్ స్కేటు చక్రాల్లో ఉక్కు బాల్ బేరింగులు వాడే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు చక్రం ఇరుసు మీద రాసుకుంటూ తిరిగేది. ఒకసారి తోస్తే కొంతదూరం పోయి ఆగేది. ఇప్పుడు మధ్యలో చిన్న చిన్న ఉక్కు గుళ్ళు దొర్లుతాయి కనక, ఒక్క తోపుకి మనిషి హాలు సగం చుట్టి వస్తాడు. మనం సైకిలు హబ్బులో గ్రీజు పెట్టించి బాల్సు మార్పించే వాళ్ళం గదా, అదే సూత్రం. దీనితో ఆడేవాడికి శ్రమ తగ్గి సుఖం పెరిగింది. ఇల్లినాయ్, ఇండియానా, ఒహాయో మొదలైన రాష్ట్రాల్లో చిన్న పట్టణాలకి కూడా రింకులొచ్చాయి. శ్రీమంతుల న్యూపోర్టు నుంచి దిగి, ఆట దుకాణాల్లో పనిచేసే కుర్రవాళ్ళకీ ఫ్యాక్టరీల్లో పనిచేసే అమ్మాయిలకీ చేరింది.

సరిగ్గా అప్పుడే నీతిబోధకులకి కోపం వచ్చింది. శ్రీమంతులు ఆడినన్నాళ్ళూ ఆరోగ్యం. పనివాళ్ళు ఆడితే అనాచారం. 1885లో ఎన్నో చర్చిల్లో పాదిరీలు రింకులని దుయ్యబట్టారు. రింకుకి పోయిన పిల్ల ఎవరితోనో లేచిపోయిందన్న వార్తలు పత్రికలకి పండగయ్యాయి. కొందరు వైద్యులు కూడా, ఆడపిల్లల శరీరాలు ఆ శ్రమకి తట్టుకోలేవని రాశారు. మా వృత్తివారు కాలానికి తగ్గ మాట చెప్పి, దానికి శాస్త్రం ముసుగు వెయ్యడం కొత్తేమీ కాదు. సినిమాకి పోతే పిల్లలు చెడిపోతారని మన పెద్దలు అన్నమాట గుర్తుంటే, ఈ గొడవ స్వరూపం పాఠకులకి వెంటనే తెలుస్తుంది. నలుగురూ చేరే చోటు అంటే, నలుగురినీ కాపు కాసేవాళ్ళకి ఎప్పుడూ భయమే.

ఈ మోజు అలల మాదిరి లేస్తూ పడుతూ వచ్చింది. 1880ల చివరికి చల్లారింది. 1902లో షికాగో కొలిసియమ్‌లో రింకు తెరిచినపుడు మొదటి రాత్రే ఏడువేలమందికి పైగా వచ్చారని చెబుతారు. 1909, 1910 నాటికి ఇంగ్లండులో మళ్ళీ వెర్రి లేచి, వూరూరా రింకులు వెలిశాయి. మరి నాలుగైదేళ్ళకి వాటిలో చాలా భాగం సినిమా హాళ్ళుగా మారిపోయాయి. 1916లో చార్లీ చాప్లిన్ 'ది రింక్' అనే సినిమా తీశాడు. 1936లో 'మోడరన్ టైమ్స్'లో కళ్ళకి గంతలు కట్టుకుని, అంచున పిట్టగోడ లేని మేడ మీద స్కేటింగ్ చేస్తాడు. అది చూసి నవ్వనివాడు లేడు. సినిమా రింకుని మింగింది గాని, రింకు సినిమాలో బతికింది.

1929 తరువాత వచ్చిన ఆర్థిక మాంద్యం రింకుని మళ్ళీ నిలబెట్టింది. జేబులో డబ్బు లేని రోజుల్లో, చిల్లర నాణేలతో సాయంకాలం గడిపే చోటు అది. 1935లో లియో సెల్జర్ అనే వ్యాపారి అదే షికాగో కొలిసియమ్‌లో 'రోలర్ డెర్బీ' అనే స్కేటింగ్ పందెం పెట్టి, చూసేవాళ్ళని వేలల్లో రప్పించాడు. 1937లో డెట్రాయిట్‌లో రింకుల యజమానులు ఒక సంఘంగా ఏర్పడ్డారు. అప్పటినుంచి రింకు పోకిరీల చోటు కాదు, కుటుంబాల చోటు అన్న పేరు కోసం వాళ్ళు పాటుపడ్డారు: దుస్తులకి నియమాలు, నేర్పేవాళ్ళకి పరీక్షలు, నాట్యానికి పోటీలు. రెండో ప్రపంచయుద్ధం నాటికి సెలవు మీద వచ్చిన సిపాయికి రింకు ఒక గమ్యం.

ఇక్కడ ఆ హాలు లోపలి సంగతి కొంత చెప్పాలి. మంచి రింకు నేల మేపుల్ చెక్కతో వేస్తారు. అది గట్టిది, పెళ్ళలు లేవదు. గొప్ప రింకుల్లో పలకలని మూలల దగ్గర వంపుగా తిప్పి వేసేవారు. దానివల్ల స్కేటు ఎప్పుడూ చెక్క ఈనె వెంబడే పోతుంది, అడ్డంగా గీసుకోదు. చక్రాలు మొదట కొయ్యవి, తరువాత లోహం, బంకమట్టి మిశ్రమం. నేల మీద జారిపోకుండా పొడి చల్లేవారు. ఆ పొడి రాత్రికి అందరి బట్టల మీదా వుండేది. 1970లలో పాలియురెథేన్ అనే ప్లాస్టిక్ చక్రాలు వచ్చాక నేలని పట్టుకుని పోవడం, చప్పుడు తగ్గడం, పొడి అక్కరలేకపోవడం మూడూ ఒక్కసారే జరిగాయి. సంగీతం మొదట బ్యాండు మేళం, తరువాత ఆర్గన్. ఆర్గన్ వాయించేవాడు తాళం మారిస్తే హాలంతా నడక మార్చేది. అందరూ తిరిగేది ఒకేవైపు, ఎడమవైపుకి. గుడిలో ప్రదక్షిణం చేసేటపుడు దేవుణ్ణి కుడిచేతివైపు వుంచుకుంటాం. ఇక్కడ మధ్యస్థలం ఎడమచేతివైపు వుంటుంది, అందులో దేవుడు వుండడు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు వుంటారు. పోలిక అక్కడితో ఆగిపోతుంది గాని, చిన్నా పెద్దా ఒకే దిక్కున తిరగడంలో వున్న తృప్తి మాత్రం రెండుచోట్లా ఒకటే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాం. ఒకే దిక్కున తిరిగే ఆ జనంలో నల్లవారు లేరు. దక్షిణాదిలో చట్టం వాళ్ళని ఆపింది. ఉత్తరాదిలో చట్టం లేకుండానే ఆపారు. ఇల్లినాయ్ రాష్ట్రంలో బహిరంగ స్థలాల్లో వివక్ష కూడదన్న చట్టం 1885 నుంచీ వుంది. అయినా షికాగో దక్షిణ భాగంలో, నల్లవారి పేటలని ఆనుకునే వున్న వైట్ సిటీ రింకులోకి నల్లవాడు అడుగుపెట్టలేకపోయేవాడు. రింకు వాళ్ళు తెలివైన దారి కనిపెట్టారు. ఇది బహిరంగ స్థలం కాదు, క్లబ్బు. సభ్యులకి మాత్రమే ప్రవేశం అనేవారు. తెల్లవాడు వస్తే సభ్యత్వం ఎవరూ అడిగేవారు కాదు.

1942లో షికాగోలో 'కాంగ్రెస్ ఆఫ్ రేషియల్ ఈక్వాలిటీ' అనే సంస్థ పుట్టింది. దాని స్థాపకుల్లో జేమ్స్ ఫార్మర్ ముఖ్యుడు. మనవాళ్ళు ఇక్కడ చెవి వొగ్గి వినాలి: వీళ్ళు తమ పోరాట పద్ధతిని నేర్చుకున్నది గాంధీగారి సత్యాగ్రహం నుంచి. మనదేశంలో క్విట్ ఇండియా ఉద్యమం సాగుతున్న ఏడాదిలోనే, షికాగోలో ఈ యువకులు తెల్లవారూ నల్లవారూ కలిసి హోటళ్ళలోకీ రింకులోకీ వెళ్ళి, లోపలికి రానియ్యకపోతే చెయ్యెత్తకుండా, కదలకుండా నిలబడేవారు. వైట్ సిటీ రింకు ముందు 1946లో బోర్డులు పట్టుకుని నిలబడ్డారు. చివరికి ఆ రింకు తలుపులు తెరుచుకున్నాయి. ఉప్పు సత్యాగ్రహం గురించి మన పిల్లలకి చెబుతాం; ఆ సత్యాగ్రహం సముద్రం దాటివచ్చి ఒక స్కేటింగ్ రింకు గుమ్మంలో నిలబడిందని చెప్పినవాళ్ళం తక్కువ.

1963 ఆగస్టులో వాషింగ్టన్‌లో జరిగిన మహాప్రదర్శనకి లక్షలమంది రైళ్ళలో, బస్సుల్లో వెళ్ళారు. షికాగో నుంచి లెడ్జర్ స్మిత్ అనే నల్లజాతి స్కేటరు మాత్రం స్కేట్ల మీద వెళ్ళాడు. దాదాపు 700 మైళ్ళు, పది రోజులు. ఛాతీకి అడ్డంగా 'ఫ్రీడమ్' అన్న పట్టీ కట్టుకున్నాడు. దారిలో ఒకడు కారుతో గుద్దబోయాడంటారు. అయినా చేరాడు. ఆడుకునే చోట కూడా అడ్డుకున్నవాళ్ళకి, ఆ ఆట వస్తువుతోనే సమాధానం చెప్పినవాడు ఆయన.

1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. హోటళ్ళు, సినిమాలు, ఆటస్థలాలు వంటి వాటిలో జాతి వివక్ష కూడదని అది శాసించింది. వెంటనే పాత తెలివి మళ్ళీ లేచింది. ఆర్కన్సా రాష్ట్రంలో లిటిల్ రాక్ దగ్గర లేక్ నిక్సన్ అనే విహారస్థలం యజమానులు, ఇది క్లబ్బు అన్నారు. సభ్యత్వ రుసుము ఎంతనుకున్నారు? పాతిక సెంట్లు. తెల్లవాడు పాతిక సెంట్లిచ్చి కార్డు తీసుకుని లోపలికి పోతాడు. నల్లవాడికి మాత్రం 'సభ్యత్వం నిండిపోయింది' అని జవాబు. ఈ కేసు సుప్రీం కోర్టుకి వెళ్ళింది. 1969లో, 'డేనియల్ వర్సెస్ పాల్' అన్న తీర్పులో కోర్టు రెండు మాటలు చెప్పింది. ఒకటి, ఇది క్లబ్బు కాదు, క్లబ్బు వేషం. రెండు, వినోదస్థలం అంటే కూర్చుని చూసేది మాత్రమే కాదు, మనిషి తానే ఆడుకునే చోటు కూడా. ఈ రెండో మాటతో ఈతకొలనులకీ రింకులకీ చట్టం వర్తించడంలో సందేహానికి చోటు లేకుండా పోయింది.

ఈ తేదీలని మన తేదీల పక్కన పెట్టి చూడండి. వలసల చట్టం మారి, ఆసియావాళ్ళకి ఈ దేశపు తలుపు నిజంగా తెరుచుకున్నది 1965లో. మనకి ముందు తరం తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు ఎనిమిది డాలర్లో పది డాలర్లో జేబులో పెట్టుకుని దిగింది ఆ తరువాతే. వాళ్ళ పిల్లలు 1970లలో రింకుకి పోయినపుడు, టిక్కెట్టు కిటికీ దగ్గర ఎవరూ 'సభ్యులకు మాత్రమే' అనలేదు. అనకపోవడానికి కారణం మన చదువులూ కాదు, మన మర్యాదా కాదు. అంతకు పాతికేళ్ళ ముందునుంచీ ఆ కిటికీ దగ్గర చలిలో నిలబడినవాళ్ళు వున్నారు. పిల్లాడి కాలికి అద్దె స్కేటు తాళ్ళు బిగిస్తున్నపుడు గుర్తుంచుకోవలసిన సంగతి ఇది.

తలుపులు తెరుచుకున్నాక కథ సుఖాంతమయిందా అంటే, పూర్తిగా కాదు. చాలా రింకుల్లో నల్లవారికి వారంలో ఒక రాత్రి అని కేటాయించారు. 'సోల్ నైట్' వంటి ముద్దు పేర్లు పెట్టారు. కాని ఆ ఒక్క రాత్రిలోనే గొప్ప కళ పుట్టింది. బ్రూక్లిన్‌లో ఎంపైర్ అనే రింకు 1941లో మొదలయింది. అక్కడ 1950లలో బిల్ బట్లర్ అనే యువకుడు ఆర్గన్ సంగీతం కాదని జాజ్ రికార్డులు వేయించుకుని, ఆ లయకి కాళ్ళు కదిపే కొత్త పద్ధతి తెచ్చాడు. 1970ల చివర దేశమంతటినీ ఊపేసిన రోలర్ డిస్కోకి పుట్టిల్లుగా ఎంపైర్‌నే చెబుతారు. 1979లో 'రోలర్ బూగీ', 1980లో 'జనాడూ' అన్న సినిమాలు వచ్చేనాటికి అది తెల్లవారి పేటల్లో కూడా వెర్రి అయి కూర్చుంది. తెచ్చినవాళ్ళ పేరు మాత్రం ఆ సినిమా గోడపత్రికల మీద లేదు. ఎంపైర్ 2007లో మూతపడింది. 2018లో వచ్చిన 'యునైటెడ్ స్కేట్స్' అనే డాక్యుమెంటరీ, నల్లవారి రాత్రులకి మాత్రమే అదనపు కాపలా పెట్టే రింకులనీ, వాళ్ళు వాడే చిన్న చక్రాలని నిషేధించే రింకులనీ చూపించింది. బోర్డు మీద రంగు పేరు లేదు. చక్రం సైజు వుంది.

మన దేశంలో రింకు ఇంగ్లీషువాళ్ళతో వచ్చి, కొండల మీద ఆగింది. ముస్సోరీలో దొరల కాలపు రింకు ప్రసిద్ధం. 1955లో భారత రోలర్ స్కేటింగ్ సమాఖ్య ఏర్పడింది. తరువాత తరువాత ఆట మైదానాలకి దిగి, నగరాల్లోని పార్కుల్లో సిమెంటు రింకులుగా స్థిరపడింది. మన హైదరాబాదు కుర్రవాడు అనూప్ కుమార్ యామ 2010లో చైనాలోని గ్వాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఆర్టిస్టిక్ స్కేటింగ్‌లో రెండు కాంస్య పతకాలు తెచ్చాడు: ఒకటి తానొక్కడే, ఒకటి అవనీ పంచాల్‌తో జంటగా. ఆసియా క్రీడల్లో ఈ ఆటని చేర్చడం అదే మొదటిసారి. 2015లో ఆయనకి అర్జున అవార్డు వచ్చింది. ఇక్కడి మన పిల్లలకి ఈ పేరు తెలియడం మంచిది.

వైద్యుడు రాసిన వ్యాసంలో వైద్యం లేకపోతే బాగుండదు కనక రెండు ముక్కలు. స్కేటింగ్‌లో ఎక్కువగా దెబ్బతినేది మణికట్టు. పడబోయే మనిషి అప్రయత్నంగా చెయ్యి చాపుతాడు. ఒంటి బరువంతా ఆ అరచేతి మీద పడుతుంది. అలా విరిగే ఎముక తీరుని డబ్లిన్ నగరపు వైద్యుడు అబ్రహాం కోలిస్ 1814లోనే వర్ణించాడు. ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తాం. మణికట్టుకి తొడిగే కవచాలు నిజంగా పనిచేస్తాయి. వరస చక్రాల స్కేట్ల మీద జరిగిన ఒక పరిశోధన 1996లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో వచ్చింది. కవచం లేనివారికి మణికట్టు గాయం ముప్పు సుమారు పదిరెట్లని అది చెప్పింది. కనక పిల్లలకి కేకు సంగతి తరువాత, కవచం సంగతి ముందు. మోకాళ్ళు కాస్త వంచి వుంచమనండి. పడక తప్పనపుడు కిందికి కూలబడుతూ పక్కకి ఒరగమనండి. పడ్డాక వేళ్ళు ముడుచుకోమనండి, వెనక వచ్చేవాడి చక్రం వాటి మీదుగా పోకుండా. ఇంత చెప్పాక ఇదీ చెప్పాలి: బల్ల మీద కూర్చుని పిజ్జా తింటే గుండెకి కలిగే హాని, జాగ్రత్తగా ఆడితే కలిగే దెబ్బల కన్నా తక్కువేమీ కాదు. మన జాతికి చక్కెర జబ్బు, గుండె జబ్బు ఎంత దగ్గరి చుట్టాలో వేరే చెప్పనక్కరలేదు.

రింకులు ఇప్పుడు తగ్గిపోతున్నాయి. పెద్ద హాలు, పెద్ద స్థలం, పెరిగే భీమా ఖర్చు. ఆ స్థలంలో గిడ్డంగో అంగడో కడితే వచ్చే ఆదాయం ఎక్కువ. 2020లో కరోనా వచ్చి హాళ్ళు మూతబడ్డాయి. ఆ వేసవిలోనే వీధుల్లో, పార్కుల్లో స్కేట్లకి మళ్ళీ గిరాకీ లేచి, దుకాణాల్లో స్కేట్లు దొరకని పరిస్థితి వచ్చింది. ఆటకి చావు లేదు. చోటుకే చావు. ఒక వూళ్ళో వేరు వేరు చర్చిలకీ గుళ్ళకీ మసీదులకీ పోయేవాళ్ళు, వేరు వేరు పేటల్లో వుండేవాళ్ళు, కొద్ది డాలర్లతో ఒకే నేల మీద కలిసే చోట్లు ఈ దేశంలో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి చూడండి. రింకు మూతపడితే పోయేది చక్రాలు మాత్రమే కాదు.

మన సంఘం కార్యవర్గం వారికి ఒక మనవితో ముగిస్తాం. చలికాలంలో పిక్నిక్కులు వుండవు. ఒక ఆదివారం సాయంకాలం దగ్గరి రింకుని మన సంఘం అద్దెకి తీసుకోవచ్చు. పిల్లలు ఆడతారు, పెద్దలు నేర్చుకుంటారు, ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలూ తాతయ్యలూ గోడపక్క కూర్చుని నవ్వుకుంటారు. పులిహోర, మిరపకాయ బజ్జీలు మన వంతు. అలా అద్దెకి తీసుకుంటే ఆ రాత్రికి ఆ హాలు చట్టం ప్రకారం మనది. ఎవరిని రానివ్వాలో, ఎవరిని వద్దనాలో మన ఇష్టం. మన ప్రకటనల అడుగున మామూలుగా టైపు చేసే రెండు మాటలున్నాయి: 'సభ్యులకు మాత్రమే'. ఎవరినీ నొప్పించాలని కాదు, భోజనాల లెక్క తప్పకూడదని రాస్తాం. కాని వైట్ సిటీ గుమ్మంలోనూ లేక్ నిక్సన్ గుమ్మంలోనూ నిలిచిన మాటలు కూడా అవే. ఆ ఒక్క ప్రకటనకి మాత్రం ఆ రెండు మాటలూ తీసేసి, 'పొరుగువారిని కూడా వెంట తీసుకురండి' అని వేయవలసిందిగా మా కోరిక. భోజనాలు నలభై ఎక్కువ చేయించుకుందాం. మిగిలితే తలా ఒక పొట్లం ఇంటికి పట్టుకుపోతాం, మనకి అదేమీ కొత్త కాదు గదా!